ట్రక్కుకి కంపెనీ ఎయిర్ ఇన్‌టేక్ తీసేసి వేరేది పెడితే పవర్ నిజంగా పెరుగుతుందా?

ట్రక్కు చేతికొచ్చిన కొత్తలోనే చాలామందికి ఈ ఆలోచన వస్తుంది, కంపెనీ ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ ఎయిర్ బాక్స్ పీకేసి తళతళలాడే పైపు ఒకటి, దాని చివర కోన్ ఫిల్టర్ ఒకటి పెట్టిద్దాం అని. దాని వెనక చెప్పే లాజిక్ కూడా వినడానికి బాగానే ఉంటుంది: ఇంజన్‌లోకి గాలి ఎంత ఎక్కువ వెళ్తే అంత ఇంధనం కాలుతుంది, అంత పవర్ వస్తుంది, కంపెనీవాళ్లు ఖర్చు తగ్గించుకోడానికి ఇరుకు పైపు పెట్టారు, అది తీసేస్తే ఇంజన్‌కి ఊపిరాడుతుంది అని. ఇందులో మొదటి సగం నిజమే. తేడా అంతా రెండో సగంలో ఉంది, ఎందుకంటే ఇరుకు ఇరుకు అంటారే గానీ ఎంత ఇరుకో కొలిచి చెప్పేవాళ్లు చాలా తక్కువ. అది కొలవొచ్చు, అదీ ఇంట్లో చేసుకునేంత సులువుగా, అందుకే ఈ విషయం ఊహల మీద వదిలేయాల్సిన పనే లేదు.

ముందు ఇంజన్ ఎంత గాలి తాగుతుందో చూద్దాం. ఒక 5 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉందనుకోండి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి క్రాంక్ రెండు రౌండ్లు తిరిగేసరికి ఒకసారి తన సైజంత గాలి లాక్కుంటుంది. 6000 ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే నిమిషానికి సుమారు 15,000 లీటర్లు, బరువులో చెప్పాలంటే సెకనుకి 300 గ్రాముల గాలి. అదే బండి 2000 ఆర్‌పీఎంలో నింపాదిగా పోతుంటే సెకనుకి 40 గ్రాములు చాలు, అంటే ఏడో వంతు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది, పైపులోనూ ఫిల్టర్‌లోనూ గాలికి జరిగే ప్రెషర్ నష్టం సుమారుగా గాలి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, గాలి సగమైతే నష్టం నాలుగో వంతు, గాలి ఏడో వంతైతే నష్టం దాదాపు యాభయ్యో వంతు. అంటే ఫుల్ లోడ్‌లో 2.5 కిలోపాస్కల్ నష్టం చూపించే ఎయిర్ బాక్స్ మామూలు ప్రయాణంలో 0.05 కిలోపాస్కల్ కూడా చూపించదు. అదే సమయంలో త్రాటిల్ ప్లేట్, అంటే పెడల్ తొక్కేకొద్దీ తెరుచుకునే పలక, ఏం చేస్తోందో చూడండి, బయట గాలి 100 కిలోపాస్కల్ ఉంటే దాని వెనక సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్‌లో 40 మాత్రమే ఉండేలా అడ్డంగా నిలబడి ఉంది, 60 కిలోపాస్కల్ అక్కడే పోతోంది. అంత పెద్ద అడ్డం మన కాలి కిందే ఉంటే, దాని ముందు పైపులో 0.05 తగ్గించి ఏం లాభం? ఫిల్టర్ దగ్గర కాస్త తేలికైతే మనకి తెలియకుండానే పెడల్ ఒక వెంట్రుకవాసి తక్కువ తొక్కుతాం, అంతే, ఇంజన్‌కి అందే గాలి అదే, ఖర్చయ్యే పెట్రోలూ అంతే.

మైలేజీ పెరుగుతుందన్న మాట నిలబడనిది ఇందుకే. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు దీనికి రివర్స్ టెస్ట్ చేశారు, కావాలనే ఫిల్టర్లు మూసుకుపోయేలా చేసి కార్లు నడిపి చూశారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్లలో మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ పూర్తిగా తొక్కినప్పుడు స్పీడ్ అందుకోడానికి పట్టే టైమ్ 6 నుంచి 11 శాతం పెరిగింది. పాత కార్బురేటర్ కారులో మాత్రం మైలేజీ కూడా కొన్ని శాతం మారింది, ఎందుకంటే కార్బురేటర్‌కి గాలి తగ్గిందని చెప్పే సెన్సర్ ఏదీ లేదు. చెత్తతో మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీ తగ్గించలేనప్పుడు, శుభ్రంగా ఉన్న ఫిల్టర్ కంటే ఇంకాస్త ఫ్రీగా ఉండేది మైలేజీ ఎలా పెంచుతుంది?

సరే, ఫుల్ లోడ్‌లో పవర్ సంగతికొద్దాం, కొలత పనికొచ్చేది అక్కడే. కావాల్సింది ఒక పారదర్శకమైన ట్యూబు, కాస్త రంగు నీళ్లు. ట్యూబుని యూ ఆకారంలో ఒక చెక్కకి కట్టి సగం దాకా నీళ్లు పోయాలి, ఒక కొసని ఫిల్టర్‌కీ త్రాటిల్‌కీ మధ్య పైపులో ఉన్న చిన్న రంధ్రానికి కలపాలి, రెండో కొస క్యాబిన్‌లో గాలికి వదిలేయాలి. ఒక్కో కాలు మీటరు పైనే ఉండేలా చూసుకోండి, లేకపోతే నీళ్లు ఇంజన్‌లోకి లాగేసుకుంటుంది. ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కి టాప్ ఆర్‌పీఎం దాకా లాగండి, పక్క సీట్లో ఉన్నవాళ్లు రెండు కాళ్లలో నీటి మట్టాల మధ్య తేడా ఎంతో చూడాలి, నడిపేవాళ్లు రోడ్డే చూడాలి. ఇక లెక్క: 10 సెంటీమీటర్ల నీటి తేడా అంటే దాదాపు 1 కిలోపాస్కల్, అంటే వాతావరణ పీడనంలో 1 శాతం. టర్బో లేని ఇంజన్‌లో పవర్ గాలి సాంద్రతతో పాటే నడుస్తుంది కాబట్టి, 25 సెంటీమీటర్లు చూపిస్తే ఆ ఇన్‌టేక్ మొత్తం తీసి అవతల పారేసి, ఫిల్టర్ కూడా లేకుండా నడిపినా మీకు దొరికేది ఆ 2.5 శాతం చుట్టుపక్కలే. ఏ కిట్ పెట్టినా ఫిల్టర్ అంటూ ఒకటి ఉంటుంది కదా, దాని నష్టం దానికీ ఉంటుంది, కాబట్టి చేతికొచ్చేది అందులో సగమో ఇంకాస్త ఎక్కువో. 400 హార్స్‌పవర్ బండికి 5 పెరిగితే అదే గొప్ప. డబ్బా మీద 25, 30 అని రాసుంటే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగాల్సిందే.

ఇదే ట్యూబుని ఫిల్టర్‌కి ముందు, అంటే బాక్స్‌లో బయటి గాలి వచ్చే వైపు కూడా పెట్టి చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది, నష్టం ఫిల్టర్ కాగితం దగ్గర జరుగుతోందా లేక దాని ముందున్న గొట్టం మూతి దగ్గరా అని. మూతి దగ్గరే అయితే కిట్ మొత్తం కొనక్కర్లేదు, ఆ మూతి ఒక్కటీ సరిచేస్తే చాలు.

కొంత పవర్ నిజంగానే పెరిగిన బండ్లు ఉన్నాయి కదా, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) షీట్లు కూడా చూపిస్తారు కదా అంటే, ఉన్నాయి, కానీ ఆ పెరుగుదల ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. చాలా పెట్రోల్ ఇంజన్లలో ఇన్‌టేక్ పైపులో మాఫ్ సెన్సర్ ఉంటుంది, అంటే లోపలికెళ్లే గాలి బరువు కొలిచేది. అందులో ఒక సన్నని వేడి తీగ లాంటిది ఉంటుంది, గాలి దాన్ని ఎంత చల్లబరుస్తోందో చూసి గాలి లెక్క కడుతుంది. అయితే అది పైపులో వెళ్లే గాలంతా కొలవదు, మధ్యలో చిన్న దారిలోంచి పోయే కొంచెం గాలిని చూసి, పైపు వెడల్పు ఇంత అని ముందే నమ్మి, మొత్తం ఇంత అని ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి చెబుతుంది. ఇప్పుడు 75 మిల్లీమీటర్ల పైపు ఉన్నచోట 80 మిల్లీమీటర్లది పెట్టామనుకోండి, వైశాల్యం 14 శాతం పెరిగింది, అదే గాలి కాస్త నెమ్మదిగా పోతుంది, సెన్సర్ 100 గ్రాములున్న చోట 88 అని చెబుతుంది. ఈసీయూ ఆ 88కి తగ్గట్టే ఇంధనం ఇస్తుంది, పైగా ఇంజన్ మీద లోడ్ తక్కువుందనుకుని స్పార్క్ టైమింగ్ ముందుకు జరుపుతుంది. కంపెనీలు ఫుల్ లోడ్‌లో వాల్వులూ క్యాటలిటిక్ కన్వర్టరూ మరీ వేడెక్కకుండా అవసరమైనదానికంటే కాస్త ఎక్కువ ఇంధనం పోసేలా సెట్ చేయడం మామూలే, అది తగ్గేసరికి పవర్ నిజంగానే నాలుగు గుర్రాలు పెరుగుతుంది. అంటే ఆ పవర్ ఎక్కువ గాలి వల్ల వచ్చింది కాదు, ఈసీయూకి తప్పు లెక్క చెప్పడం వల్ల వచ్చింది. దానికి కట్టే మూల్యం ఎగ్జాస్ట్ వేడి పెరగడం, నాకింగ్‌కి, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడానికి దగ్గరవడం. నెమ్మదిగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ దీన్ని సరిదిద్దుకుంటుంది, సరిదిద్దలేనంత తేడా ఉంటే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, గాలికి తగ్గ ఇంధనం అందట్లేదని చెప్పే పీ 0171, పీ 0174 కోడ్లు చాలాసార్లు ఇలా వచ్చేవే. కొత్త పైపు వంపు సెన్సర్‌కి మరీ దగ్గరగా ఉండి గాలి సుడులు తిరిగినా ఇదే గొడవ. అందుకే మంచి కిట్ తయారుచేసేవాళ్లు సెన్సర్ కూర్చునే చోట పైపు వెడల్పుని కంపెనీదానితో సరిగ్గా కలిసేలా ఉంచుతారు, లేదా దానికి తగ్గ ట్యూన్ (ఈసీయూ లోపలి లెక్కల మార్పు) కూడా ఇస్తారు. మాఫ్ లేకుండా మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూసి లెక్క కట్టే ఇంజన్లకి ఈ తలనొప్పి లేదు.

డైనోలో ఇంకో తిరకాసు కూడా ఉంది. అక్కడ బానెట్ ఎత్తి పెట్టి ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడతారు. ఓపెన్ కోన్ ఫిల్టర్‌కి ఇంతకన్నా సుఖం ఏముంటుంది, చల్లగాలి నేరుగా తగులుతుంది. రోడ్డు మీద బానెట్ మూసుంటుంది. బయట 35 డిగ్రీలుంటే ట్రాఫిక్‌లో ఆగాగి పోయే బండి బానెట్ కింద గాలి 60 డిగ్రీలు ఉండటం పెద్ద విశేషమేమీ కాదు, ఆ 25 డిగ్రీల తేడాకే గాలి సాంద్రత 7 శాతం పైన పడిపోతుంది. ప్రెషర్‌లో 1.5 శాతం మిగిల్చి వేడిలో 7 శాతం పోగొట్టుకున్నట్టు. పైగా లోపలికొచ్చే గాలి వేడిగా ఉందని సెన్సర్ చెప్పగానే ఈసీయూ నాకింగ్ రాకుండా టైమింగ్ వెనక్కి లాగుతుంది, అది ఇంకో దెబ్బ. కంపెనీ ఎయిర్ బాక్స్ మూతి ఎక్కడుందో ఒకసారి చెయ్యి పెట్టి వెతికి చూడండి, చాలా బండ్లలో గ్రిల్ వెనకో, హెడ్‌లైట్ పక్కనో, ఫెండర్ లోపలో ఉంటుంది, అంటే బయటి గాలే తీసుకుంటోంది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని విడిగా కొనేది బండిలో ముందే ఉందన్నమాట.

లోహపు పైపు వేడెక్కి గాలిని వేడి చేస్తుందని కొందరు భయపడతారు, ఫుల్ లోడ్‌లో అది పెద్ద విషయం కాదు, 75 మిల్లీమీటర్ల పైపులో ఆ 300 గ్రాముల గాలి సెకనుకి 55 మీటర్ల పైన వేగంతో దూసుకుపోతుంది, అరమీటరు పైపు దాటడానికి సెకనులో వందో వంతు పడుతుంది, వేడెక్కే టైమేదీ? ఐడిల్‌లో మాత్రం తేడా ఉంటుంది. ఇక బానెట్ మీద స్కూప్ పెట్టి ఎదురుగాలిని లోపలికి తోసేస్తాం అనేది గంటకి 100 కిలోమీటర్ల వేగంలో లెక్కేస్తే అరశాతం కూడా రాదు.

మరి పెట్టించుకున్నవాళ్లు బండి లాగుడు మారిందని అంత గట్టిగా ఎందుకు చెబుతారు? వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది, అది శబ్దం చేసే పని. కంపెనీ పైపుకి పక్కన తగిలించిన మూసేసిన డబ్బాలు కనిపిస్తాయి కదా, రెజొనేటర్లు, వాటిలోంచి గాలి ప్రవహించదు, కాబట్టి అవి గాలికి పెద్దగా అడ్డమూ కాదు. ఇన్‌టేక్ పల్స్‌ల హోరు అణచడానికి పెట్టినవి అవి, బండి బయట చేసే శబ్దానికి ప్రభుత్వాలు పెట్టిన పరిమితుల్లో ఇన్‌టేక్ శబ్దం కూడా లెక్కలోకొస్తుంది. అవి తీసేస్తే తొక్కిన ప్రతిసారీ ఇంజన్ గర్జన సూటిగా చెవిలో పడుతుంది, దాన్ని మనసు వేగంగా లెక్కేసుకుంటుంది. ఆ శబ్దం ఇష్టమై పెట్టించుకుంటే అందులో తప్పేం లేదు, అది నిజంగా దొరికే వస్తువే, పవర్ అని అనుకుని కొంటేనే బాధ. తేడా తేల్చుకోవాలంటే ఓబీడీ యాప్‌తో (బండి సెన్సర్ల రీడింగులు ఫోన్‌లో చూపించేది) ఒకే రోడ్డు మీద, ఒకే రోజు, అటూ ఇటూ రెండు వైపులా 60 నుంచి 100 కిలోమీటర్ల స్పీడ్‌కి పట్టే టైమ్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత రికార్డు చేసుకుని పాతదానితోనూ కొత్తదానితోనూ పోల్చుకోండి.

ఇంతసేపూ చెప్పింది పెట్రోల్ సంగతి. డీజిల్ ట్రక్కులకి, ముఖ్యంగా టర్బో ఉన్నవాటికి లెక్క ఇంకోలా ఉంటుంది, వాటికి లాభం ఇంకా తక్కువ. డీజిల్‌లో పవర్‌ని నిర్ణయించేది ఎంత ఇంధనం కొట్టారన్నది, గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. పెట్రోల్‌కి ఒక కిలో ఇంధనానికి 14.7 కిలోల గాలి లెక్క, డీజిల్ తక్కువ లోడ్‌లో 50 కిలోల పైన కూడా పీల్చుకుంటుంది. పైగా టర్బో తర్వాత బూస్ట్ సెన్సర్ కూర్చుని ఉంటుంది, ఈసీయూ 250 కిలోపాస్కల్ కావాలంటే టర్బో దాన్ని ఇచ్చేదాకా టర్బో వేగాన్ని అదుపుచేసే వేన్లో వేస్ట్‌గేటో సర్దుతూనే ఉంటుంది. టర్బో మూతి దగ్గర 97 ఉంటే 2.58 రెట్లు నొక్కాలి, కొత్త ఇన్‌టేక్‌తో 99 అయితే 2.53 రెట్లు నొక్కితే చాలు. టర్బో కొంచెం తేలిగ్గా తిరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి కాస్త తగ్గొచ్చు, బూస్ట్ రావడం ఒక ఇసుమంత ముందవ్వొచ్చు, అవి నిజమైన లాభాలే, కానీ సిలిండర్‌లోకి వెళ్లే గాలీ అదే, ఇంధనమూ అదే, పవర్ పెరగడానికి దారే లేదు. లోపలికొచ్చే గాలి పది డిగ్రీలు చల్లగా ఉన్నా మధ్యలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది కాబట్టి ఆ తేడా సిలిండర్ దాకా చాలావరకు రాదు. పెద్ద లారీల్లో అయితే ఫిల్టర్ డబ్బానే బిందెంత ఉంటుంది, దాని మీద ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూపించే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఉంటుంది, చాలా ఇంజన్లకి 25 అంగుళాల నీటి ప్రెషర్, అంటే 6 కిలోపాస్కల్ పైన వచ్చేదాకా ఫిల్టర్ మార్చక్కర్లేదని తయారీదార్లే చెబుతారు. అంత నష్టాన్ని తట్టుకునేలా ముందే కట్టిన ఇంజన్‌కి కోన్ ఫిల్టర్ కొత్తగా ఇచ్చేదేం లేదు.

ఇక పోగొట్టుకునేదాని సంగతి. గాలి తేలిగ్గా పోనివ్వడం, దుమ్ము ఆపడం, ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనులు. రెండూ కావాలంటే ఒకటే మార్గం, ఫిల్టర్ కాగితం వైశాల్యం పెంచడం. కంపెనీ ఫిల్టర్ మడతలన్నీ విప్పి పరిస్తే ఎంత కాగితం ఉందో చూడండి, చేతిలో ఇమిడే కోన్‌లో అంత ఉండదు. అయినా గాలి ఫ్రీగా పోతోందంటే రంధ్రాలు పెద్దవి అని అర్థం. 99.5 శాతం దుమ్ము ఆపేదానికీ 97 శాతం ఆపేదానికీ చూడ్డానికి రెండున్నర తేడానే, కానీ లోపలికి పోయేది చూస్తే ఒకదాంట్లో 0.5, ఇంకోదాంట్లో 3, ఆరు రెట్లు. అందులోనూ 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులే ఎక్కువ చేటు చేస్తాయి, వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి ఇవి కంటికి కనపడవు, రింగులకీ లైనర్‌కీ మధ్య ఆయిల్ పొరలో దూరి ఇసుక కాగితంలా గీకుతాయి. మొదట ఏమీ తెలియదు, తర్వాత ఆయిల్ తగ్గడం, బ్రీదర్ నుంచి పొగ, కంప్రెషన్ పడిపోవడం, టర్బో బ్లేడ్ల అంచులు అరగడం. కిట్ అమ్మేవాళ్లని హార్స్‌పవర్ అంకె కాదు, ఐఎస్‌ఓ 5011 టెస్ట్ రిపోర్ట్ అడగండి, దుమ్ము ఎంత ఆపింది, ఎంత పట్టుకుంది, నష్టం ఎంత అని మూడూ అందులో ఉంటాయి. కడిగి ఆయిల్ పూసి మళ్లీ వాడే ఫిల్టర్లైతే ఆయిల్ ఎక్కువ పూయకుండా చూసుకోవాలి, ఎక్కువైంది మాఫ్ సెన్సర్ తీగకి అంటుకుని రీడింగ్ పాడుచేస్తుంది.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెబుతా: కొన్ని కిట్లలో చల్లగాలి కోసమని ఫిల్టర్‌ని బంపర్ వెనక బాగా కిందకి దించుతారు, అలాంటి బండిని వరద నీళ్లలోకి దించితే ఇంజన్ గాలికి బదులు నీళ్లు లాక్కుంటుంది, నీళ్లు నొక్కితే నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మరి అసలు ఎవరికి పనికొస్తుంది అంటే, ఇంజన్ తాగే గాలినే పెంచినవాళ్లకి. పెద్ద టర్బో వేసో, సూపర్‌చార్జర్ పెట్టో, ట్యూన్ చేయించో గాలి 30 శాతం పెంచారనుకోండి, 2.5 కిలోపాస్కల్ ఉన్న నష్టం 4 దాటుతుంది. సూపర్‌చార్జర్ అయితే మూతి దగ్గర పోయిన ప్రతి కిలోపాస్కల్ మ్యానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లకి పైగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ఉన్నదాన్నే ఇన్ని రెట్లు చేస్తుంది. అలాంటి బండికి, మూసి ఉన్న బాక్స్‌తో బయటి గాలి తీసుకునే, కాగితం ఎక్కువున్న ఫిల్టర్ ఉన్న ఇన్‌టేక్, దానికి తగ్గ మాఫ్ ట్యూన్, ఇవన్నీ కలిపి పెట్టిస్తే పెట్టిన డబ్బుకి ఫలితం ఉంటుంది.

స్టాక్ బండి ఉన్నవాళ్లు మాత్రం ముందు ఉన్న ఫిల్టర్ బయటకి తీసి చూడండి. నల్లగా మూసుకుపోయి ఉంటే కొత్తది వేస్తే చాలు, పోయిన పికప్ తిరిగొస్తుంది. కాస్త దుమ్ము పట్టినంత మాత్రాన మార్చేయకండి, ఆ పొర సన్న దుమ్ముని ఇంకా బాగా ఆపుతుంది. గన్‌తో గాలి కొట్టి మళ్లీ బిగించే అలవాటు మానేయండి, కాగితం ఎక్కడో సన్నగా చిరిగినా పైకి కనపడదు, ఇన్నర్ ఫిల్టర్ ఉన్న లారీల్లో దానికి అస్సలు గాలి కొట్టకూడదు, మార్చడమే. స్టాక్ అయినా కిట్ అయినా, ఫిల్టర్ దాటాక ఉన్న పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకి దుమ్ము అంటితే ఫిల్టరో, దాని సీలో, క్లిప్పో ఎక్కడో దారి ఇస్తోంది, అది దొరికి మూసేదాకా బండి దుమ్ము రోడ్డెక్కించకండి.